కవి అంటే చాలదా? కౌంటే కల్లెన్ అన్న మాట మీద చర్చ

చింతచెట్టు:

ఒక చిన్న పత్రిక కోసం న్యూయార్క్‌లోని నల్లవాళ్ల పేట హార్లెం కవుల మీద వ్యాసం రాస్తున్నాను. లాంగ్‌స్టన్ హ్యూస్ భాగం వారంలో పూర్తయింది. కౌంటే కల్లెన్ దగ్గర మాత్రం నెల రోజులుగా కలం కదలడం లేదు. ఆయన పేరెత్తితే చాలు, చదువుకున్న మిత్రులు కూడా "తెల్లవాళ్లలా రాయాలని తాపత్రయపడిన నల్లకవి కదా" అని తేల్చేస్తున్నారు. ఆ తీర్పు నాకు మింగుడుపడడం లేదు. అందుకే పంచాయితీ ఇక్కడ పెడుతున్నాను.

తెలియనివారి కోసం క్లుప్తంగా. కల్లెన్ 1903లో పుట్టాడు. ఎక్కడ పుట్టాడన్నది ఆయనే ఒకచోట లూయివిల్ అని, మరొకచోట న్యూయార్క్ అని రాసుకున్నాడు. చిన్నప్పుడు పెంచిన ముసలావిడ పోయాక హార్లెంలోని సేలం మెథడిస్ట్ చర్చి పాస్టరు ఫ్రెడరిక్ కల్లెన్ ఇంట్లో చేరాడు. ఇంటిపేరు అలా వచ్చిందే. 1925లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో పట్టా పుచ్చుకున్నాడు, మరుసటి ఏడు హార్వర్డ్‌లో ఎం.ఏ. చేశాడు. పట్టా వచ్చిన ఏడాదే హార్పర్ సంస్థ ఆయన తొలి సంపుటి 'కలర్' అచ్చువేసింది. అప్పటికి వయసు ఇరవై రెండు.

ఇక తగువు సంగతి. 1924 ఫిబ్రవరిలో బ్రూక్లిన్ ఈగిల్ పత్రికతో మాట్లాడుతూ, తాను కవినంటూ అయితే కవిననే అనిపించుకుంటానని, నీగ్రో కవిననిపించుకోనని అన్నాడు. (ఆ రోజుల్లో నీగ్రో అన్నది వాళ్లు తమ గురించి తాము గౌరవంగా వాడుకున్న మాట. ఇక్కడ ఆ కాలానికే వదిలేసి నల్లజాతి అంటాను.) రెండేళ్లకు, 1926 జూన్‌లో, హ్యూస్ 'నేషన్' పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మంచి భవిష్యత్తున్న ఒక యువకవి తనతో ఇలా అన్నాడంటూ, పేరు చెప్పకుండా ఈ మాటే ఎత్తుకున్నాడు. కవిననిపించుకోవాలి అంటే తెల్లకవిలా రాయాలని, తెల్లకవిలా రాయాలంటే తెల్లకవి కావాలని, తెల్లకవి కావాలంటే తెల్లవాడు కావాలని ఉన్నట్టే అని మెట్టు మెట్టుగా దించాడు. వందేళ్లుగా అందరూ ఆ మెట్ల మీదనే దిగుతున్నారు.

నా మాట ఇది: హ్యూస్ గొప్ప వ్యాసం రాశాడు, మనిషిని మాత్రం తప్పుగా చదివాడు. మీరేమంటారు?


నిలువుటద్దం:

చింతచెట్టు గారూ, కథ మధ్యలోంచి మొదలుపెట్టారు. హ్యూస్ జూన్‌లో రాశాడు, నిజమే. ఫిబ్రవరిలో ఏం జరిగిందో చెప్పలేదే? హ్యూస్ తొలి పుస్తకం 'ది వియరీ బ్లూస్' ఆ ఏడు జనవరిలో వచ్చింది. 'ఆపర్చ్యూనిటీ' పత్రికలో దాన్ని సమీక్షించింది ఎవరు? కల్లెన్. ఏమన్నాడు? అందులోని జాజ్ కవితలు నిజమైన అందమైన కవితల సరసన చొరబడిన పరాయివాటిలా ఉన్నాయన్నాడు. పెళ్లిపందిట్లో పిలవని పేరంటం అన్నట్టు. హార్లెం క్లబ్బుల్లో తెల్లవార్లూ మోగే పాటను, బట్టలుతికి వంటలు చేసి ఇల్లు చేరిన మనుషులు వినే పాటను కవిత్వపు గడప తొక్కనివ్వనన్నాడు. ముందు రాయి వేసింది ఎవరో ఇప్పుడు చెప్పండి.

ఇంకొకటి. 1927లో ఆయన కూర్చిన సంకలనం 'కెరలింగ్ డస్క్' ముందుమాట చదివారా? ఇంగ్లీషులో రాసే నల్లజాతి కవులకు ఆఫ్రికా వారసత్వం కోసం పడే మసకమసక ఆరాటం కంటే ఇంగ్లీషు, అమెరికన్ కవిత్వ సంపద నుంచి వచ్చే లాభమే ఎక్కువ అని రాశాడు. ఇది ఎవరో ఆయనకు అంటగట్టిన మాట కాదు, సొంత దస్తూరి. ఇంగ్లీషు కవి కీట్స్‌ను తలచుకుంటే కళ్లు చెమరుస్తాయి, నల్లవాళ్ల బ్లూస్ పాట వింటే మొహం ముడుచుకుంటుంది. దీన్ని మీరు ఏమని పిలుస్తారో పిలవండి. హ్యూస్ పిలిచిన పేరు నాకు సరిపోయింది.


చింతచెట్టు:

సమీక్ష సంగతి దాచాలని దాచలేదు, కానీ మీరు ఎత్తి చూపింది న్యాయమే. ఆ సమీక్ష నాకూ నచ్చదు. చెవి లేని మాటలు అవి.

అయితే మీరు కూడా సగమే చదివారు. అదే 1924 సంభాషణలో, ప్రచారం కోసం జాతి విషయాలు రాయనని చెప్పిన వెంటనే, నల్లవాడిని కావడం వల్ల కలిగే ఉద్వేగం బలంగా ఉన్నప్పుడు రాస్తాను, అది వేరే సంగతి అని కూడా అన్నాడు. ఈ రెండో ముక్కను ఎవరూ ఉదహరించరు. జాతి ఊసు ఎత్తనన్నవాడు మరుసటి ఏడాది తొలి పుస్తకానికి పెట్టుకున్న పేరు 'కలర్'. రంగు! లోపల నాలుగు భాగాలుంటే మొదటి భాగం పేరు కూడా అదే.

'కెరలింగ్ డస్క్' విషయంలో ఆ ముందుమాటలోనే ఇంకో వాక్యం ఉంది. దీన్ని 'నల్లజాతి కవిత్వ సంకలనం' అనకుండా 'నల్లజాతి కవుల కవిత్వ సంకలనం' అన్నానని, మొదటి పేరు స్పష్టత కన్నా గందరగోళమే ఎక్కువ తెస్తుందని రాశాడు. మాటల వరుస మార్చడం చాదస్తంలా కనబడుతుంది. అందులో ఆయన వాదమంతా ఉంది. కవి నల్లవాడు, సరే. కవిత్వం నల్లదిగా ఉండాలని ముందే ఎవరు తీర్మానించారు? డన్‌బార్ నుంచి పదేళ్లు నిండని ఒక చిన్నపిల్ల దాకా పుట్టిన ఏడాది వరుసలో అందరినీ కూర్చాడు. హ్యూస్ కవితలూ అందులో ఉన్నాయి, వ్యాసం వచ్చిన మరుసటి ఏడాదే. పగబట్టిన మనిషి చేసే పని కాదు.


కొత్తనీరు:

చిన్న సందేహం. కల్లెన్‌లా సానెట్ (పద్నాలుగు పాదాల ఇంగ్లీషు పద్యం) రాస్తే తెల్లతనం అయిపోతుందా? 1919లో ఊరూరా నల్లవాళ్ల మీద దాడులు జరిగినప్పుడు నల్లజాతి కవి క్లాడ్ మెకే రాసిన 'ఇఫ్ వి మస్ట్ డై' కూడా సానెట్టే కదా? చావాల్సి వస్తే పందుల్లా చావొద్దు, ఎదురుతిరిగి చద్దాం అన్న కవిత. దాన్ని ఎవరూ తెల్లవాళ్ల అనుకరణ అనలేదే.


నిలువుటద్దం:

కొత్తనీరు, మంచి ప్రశ్న. మెకే సానెట్‌లో పిడికిలి ఉంది. కల్లెన్ సానెట్‌లో పురాణ పండితుడున్నాడు. 'యెట్ డు ఐ మార్వెల్' తీసుకో. దేవుడు మంచివాడే, సందేహం లేదు అని మొదలు. నేల లోపలి చుంచు ఎందుకు గుడ్డిగా ఉందో, టాంటలస్ నోటికి పండు ఎందుకు అందదో, సిసిఫస్ ఆ మెట్లు ఎందుకు ఎక్కుతూనే ఉండాలో ఆయనే చెప్పగలడు అని పన్నెండు పాదాలు. ఇల్లు కాలుతుంటే గ్రీకు పురాణం విప్పి కూర్చున్నట్టు ఉంటుంది నాకు. చివరి రెండు పాదాల్లో మాత్రం, నల్లవాడిని కవిగా చేసి పాడమనడం ఏమి వింతో అని అంటాడు. అదొక్కటే ఆయన సొంతం. మిగతాదంతా బడిలో నేర్చింది.


బడిపంతులు:

ముప్పై రెండేళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పి ఇంట్లో కూర్చున్నవాడిని. ఈ సానెట్‌ను బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు. నిలువుటద్దం గారి మాటకు అడ్డు తగలక తప్పడం లేదు.

ఆ పన్నెండు పాదాలు అలంకారానికి రాసినవి కావు. జాబితాలో ఎవరున్నారో చూడండి. చుంచు పుట్టుగుడ్డిది. టాంటలస్, సిసిఫస్ శాశ్వత శిక్ష అనుభవిస్తున్నవాళ్లు. ఒకడికి పండు కళ్లెదురుగా వేలాడుతుంది, చేయి చాస్తే వెనక్కి పోతుంది. ఇంకొకడు ఎక్కుతూనే ఉంటాడు, పైకి చేరడు. ఈ వరుసలో చివర ఎవరిని నిలబెట్టాడు? నల్ల కవిని. అంటే కవిగా పుట్టడాన్ని వరాల పట్టికలో చేర్చలేదు, శిక్షల పట్టికలో చేర్చాడు. పైగా దేవుడు 'పాడనిచ్చాడు' అనలేదు, 'పాడమని ఆజ్ఞాపించాడు' అన్నాడు. పండు ఎదురుగా ఉంది, అందుకోమని ఆజ్ఞ ఉంది, అందదు. చివరి పాదం చదివాక మళ్లీ మొదటికి వెళ్లి 'దేవుడు మంచివాడే, సందేహం లేదు' అన్న ముక్కను చదవండి. అప్పుడు దాని గొంతు మారి వినబడుతుంది. ఈ దెబ్బ పడాలంటే ముందు ఆ పన్నెండు పాదాల నెమ్మది కావాలి.

రెండో సంగతి. కల్లెన్‌కు ఆ ముద్ర అంటే అంత బెదురు ఎందుకో తెలియాలంటే ఒక తరం వెనక్కి వెళ్లాలి. పాల్ లారెన్స్ డన్‌బార్. ఓహయోలోని డేటన్‌లో చదువుకున్నాడు, బడి పత్రికకు సంపాదకుడు. చదువు అయ్యాక దొరికిన ఉద్యోగం లిఫ్టు నడపడం, వారానికి నాలుగు డాలర్లు. తొలి పుస్తకం అచ్చుకు 125 డాలర్లు అయింది. లిఫ్టు ఎక్కేవాళ్లకు ప్రతులు అమ్మి ఆ బాకీ తీర్చాడు. 1896లో విలియం డీన్ హవెల్స్ అనే పెద్ద విమర్శకుడు 'హార్పర్స్ వీక్లీ'లో ఆయనను ఆకాశానికెత్తాడు. ఎందుకు ఎత్తాడు? తోటల్లో పనిచేసే నల్లవాళ్ల యాసలో రాసిన పద్యాలకు. అంతే, ఆ రోజు నుంచి పత్రికలకు ఆయన యాస పద్యాలే కావాలి. శిష్ట భాషలో ఎంత బాగా రాసినా పక్కన పెట్టారు. మెచ్చుకోలే మెడకు ఉచ్చు అయింది. తన లోతైన పాటను ఎవరూ వినలేదు, విరిగిన నాలుకతో పలికిన గిలక్కాయ చప్పుడునే మెచ్చుకున్నారు అని ఆయనే ఒక కవితలో వాపోయాడు. 33 ఏళ్లకు, 1906లో పోయాడు.

కల్లెన్ ఇదంతా ఎరిగినవాడు. కాబట్టి 'నల్లజాతి కవి' అన్నప్పుడు ఆయన చెవికి వినిపించింది సాటివాళ్ల ఆత్మీయత కాదు, ప్రచురణకర్త ఇచ్చే కొనుగోలు పట్టీ. ఇది రాయి, అది వద్దు అనే పట్టీ.


వేపపుల్ల:

మాస్టారూ, ఇది చదువుతుంటే జాషువా గుర్తుకొచ్చాడు. పంజరంలో ఇమడనని, తాను విశ్వనరుడినని ఆయన అన్న మాటకూ కల్లెన్ అన్నదానికీ తేడా ఏముంది? ఆయనా పాత ఛందస్సే పట్టాడు. మేఘసందేశం నమూనాలో మేఘానికి బదులు గబ్బిలాన్ని పంపాడు. మరి ఆయనను ఎవరూ అగ్రవర్ణాల అనుకరణ అనడం లేదు.


నిలువుటద్దం:

అన్నవాళ్లున్నారు, మీరు వినలేదు. కానీ పోలిక సగం దూరమే నడుస్తుంది. జాషువా ఆ పాత రూపాన్ని పట్టి దానిలో ఉన్నదాన్ని తలకిందులు చేశాడు. గుడిలోకి మనిషిని రానివ్వని చోటికి గబ్బిలం వెళ్లగలదు, అందుకే దాని చెవిలో చెప్పాడు. రూపమే వాదనగా మారింది. కల్లెన్ కీట్స్‌ను ఎక్కడ తలకిందులు చేశాడో చూపించండి. హార్లెంను గుంటూరు చేస్తే వాదన తేలిక అవుతుంది గానీ కల్లెన్ అర్థం కాడు.


కొత్తనీరు:

'హెరిటేజ్'లో చేశాడేమో? నాకు ఆఫ్రికా అంటే ఏమిటి అని అడుగుతూ సాగే పెద్ద కవిత. ఆఫ్రికా తనకు నిద్ర పట్టేదాకా ఊరికే పేజీలు తిప్పే పుస్తకం లాంటిది అంటాడు. అదే మనిషి పక్క పేజీలో వాన పడుతుంటే పడుకోలేడు, నెత్తురులో ఏదో దరువు. చివరికి తాను కొలిచే క్రీస్తు కూడా నల్లగా ఉంటే బాగుండునని కోరుకుంటాడు. పాస్టరుగారి ఇంట పెరిగిన కుర్రాడు ఆ మాట రాయడం చిన్న సంగతా?


నిలువుటద్దం:

చిన్న సంగతి కాదు. 'హెరిటేజ్' మంచి కవిత, ఒప్పుకుంటున్నాను. అందులోని దరువు ఇంగ్లీషు ఛందస్సుదే అయినా డప్పులా మోగుతుంది. నా దెబ్బలాట ఆ కవితతో కాదు, దాన్ని రాసినవాడు తర్వాత ఎటు పోయాడన్నదానితో.


తాటాకు:

అసలు ఆయన జీవితమే రెండు నాల్కల జీవితం. 1928లో నల్లజాతి నాయకుడు డుబోయిస్ అంతటివాడి కూతురు యోలాండ్‌ను పెళ్లి చేసుకున్నాడు. సేలం చర్చిలో దాదాపు మూడు వేల మంది వచ్చిన పెళ్లి. రెండు నెలలకే పెళ్లికూతురిని ఇక్కడ వదిలి స్నేహితుడితో ప్యారిస్ ఓడ ఎక్కాడు, 1930కి విడాకులు. ఆ స్నేహితుడు ఎవరో, ఎందుకో నేను చెప్పనక్కర్లేదు అనుకుంటా. ఇంట్లో ఒక మనిషి, బయట ఒక మనిషి. కవిత్వంలోనూ అంతే.


నిర్వాహకుడు:

తాటాకు గారూ, పెళ్లి, విడాకులు, హెరల్డ్ జాక్‌మన్‌తో స్నేహం, అన్నీ ఆయన జీవిత చరిత్రల్లో ఉన్నవే, చర్చించవచ్చు. కన్ను గీటుతూ రాయడం మాత్రం వద్దు. ఆ కాలంలో తన మనసు తాను బయటపెట్టుకోలేని మనిషి పడిన బాధను రెండు నాల్కలు అనడం కూడా మర్యాద కాదు. ఇంకో సంగతి: ఆ పెళ్లిలో అతిథులను కూర్చోబెట్టిన కుర్రాళ్లలో హ్యూస్ కూడా ఉన్నాడు. వ్యాసం రాసిన రెండేళ్లకు. వాళ్లిద్దరి మధ్య లేని శత్రుత్వాన్ని మనం పెంచుతున్నామేమో చూసుకోండి.


పటాప్స్కో ఒడ్డు:

నేను మాట్లాడాల్సింది ఒకే కవిత గురించి. పదకొండేళ్లుగా అమెరికాలోని బాల్టిమోరులో ఉంటున్నాను. 'ఇన్సిడెంట్' అన్న కవిత ఈ ఊరి మీద రాసిందే. పన్నెండు పాదాలు. ఎనిమిదేళ్ల పిల్లాడు సంబరంగా ఊళ్లో బండెక్కి తిరుగుతుంటాడు. ఎదురుగా ఇంకో పిల్లాడు తననే చూస్తుంటాడు. వయసులో, ఒడ్డూపొడవులో ఇద్దరూ సమానం. మనవాడు నవ్వుతాడు. వాడు నాలుక బయటపెట్టి, నల్లవాళ్లను తిట్టే ఆ మాటతో పిలుస్తాడు. అంతే జరిగింది. మే నుంచి డిసెంబరు దాకా ఆ ఊళ్లో ఉన్నానని, గుర్తున్నది ఇంతేనని ముగుస్తుంది.

ఇక్కడికి వచ్చిన తొలి ఏడాది నాకు ఆ చివరి పాదాల బరువు తెలియలేదు. తర్వాత తెలిసింది. మేలో వచ్చినవాడు డిసెంబరు దాకా ఉంటే ఈ ఊళ్లో ఎన్ని చూస్తాడు! వేసవి ఉక్క, రేవులో ఓడలు, వరుస ఇళ్ల ముందు తెల్లరాతి మెట్లు, ఆకులు ఎర్రబడి రాలడం, క్రిస్మస్ దీపాలు. ఎనిమిదేళ్ల కళ్లకు ఇవన్నీ పండగే. కవితలో ఒక్కటీ లేదు. ఊరు ఊరంతా ఖాళీ. ఎనిమిది నెలలను ఒక్క మాట తినేసింది. ఏడవలేదు, తిట్టలేదు, ఎవరినీ నిందించలేదు.

ఇంకా గమనించింది ఒకటుంది. రెండో చరణంలో 'నాకన్నా పెద్దవాడేమీ కాదు' అంటూ పాదం 'బిగ్గర్' అన్న మాటతో ముగుస్తుంది. ఇంగ్లీషు చెవి ఉన్నవాడికి ప్రాసగా ఏ మాట రాబోతున్నదో అక్కడే తెలిసిపోతుంది. కానీ మధ్యలో ఇంకో పాదం ఉంది, ఆ పాదంలో పిల్లాడు నవ్వుతున్నాడు. చదివేవాడికి తెలుసు, వాడికి తెలియదు. నవ్వొద్దురా అని ఆపాలనిపిస్తుంది. ఆపలేం. నిలువుటద్దం గారూ, ప్రాస అన్నది బడిలో నేర్చినదే కావచ్చు. కానీ ఈ పని ప్రాస లేని కవితలో సాధ్యమా?


బడిపంతులు:

బాగా చెప్పారు. దానికి ఒక్కటి కలుపుతాను. ఆ ఛందస్సు చర్చిలో ప్రతి ఆదివారం పాడే కీర్తనలది, పిల్లల పాటలది. ఎనిమిది అక్షరాల పాదం, ఆరక్షరాల పాదం. మనకు ఆటవెలది ఎలాగో అలాగ, వేమన పద్యంగా పలకా బలపం నాడే నోటికి వచ్చేది. ప్రార్థన పాడే గొంతులోంచి ఆ తిట్టు వినిపించాడు. నిలువుటద్దం గారు జాషువా గురించి 'రూపమే వాదనగా మారింది' అన్నారు. మీ కొలబద్దతోనే కొలిచి చూడండి.


నిలువుటద్దం:

మాస్టారూ, పటాప్స్కో ఒడ్డు గారూ, ఈ కవిత దగ్గర నా దగ్గర జవాబు లేదు. ఒప్పుకుంటున్నాను. 'బిగ్గర్' సంగతి నేను ఎప్పుడూ గమనించలేదు.

కానీ నా అసలు ప్రశ్న నిలబడే ఉంది. 'కలర్' 1925. 'కాపర్ సన్' 1927. 'ది బ్లాక్ క్రైస్ట్' 1929. తర్వాత? 1932లో ఒక నవల, 1935లో గ్రీకు కవి యూరిపిడీస్ నాటకం 'మీడియా' అనువాదం, కొన్ని కవితలు, ఆపైన పిల్లల పుస్తకాలు. ముప్పై దాటేసరికి కవిగా దాదాపు అయిపోయాడు. హ్యూస్ 1967లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు. ఎందుకు? హ్యూస్‌కు వీధి ఉంది, దాని ఊట ఎండదు. కల్లెన్‌కు పుస్తకాల అర ఉంది, అది చదవడం అయిపోయింది. కవిని, నల్లకవిని కాదు అన్న మాట ధర ఇదేనని నా అనుమానం.


చింతచెట్టు:

ఇది గట్టి ప్రశ్న. దీని దగ్గరే నా వ్యాసం కూడా ఆగింది. కానీ 'అయిపోయాడు' అన్నప్పుడు ఏమి వదిలేస్తున్నామో చూద్దాం. 'ది బ్లాక్ క్రైస్ట్' తెల్లమూక ఒక నల్లవాడిని ఉరితీయడం మీద రాసిన దీర్ఘకవిత. 'తెల్ల అమెరికాకు, ఆశతో' అని అంకితమిచ్చాడు. కవితగా అది సాగతీతే, విమర్శకులూ మెచ్చలేదు. తెల్లవాడు కావాలనుకున్నవాడు మాత్రం అది రాయడు.

తర్వాత స్కాట్స్‌బరో. 1931లో అలబామాలో తొమ్మిది మంది నల్ల కుర్రాళ్లను చేయని నేరానికి పట్టుకుని, ఎనిమిది మందికి మరణశిక్ష వేసిన కేసు. అంతకుముందు మరణశిక్ష పడిన ఇటలీ వలసదారులు సాకో, వాన్‌జెట్టిల కోసం గొంతెత్తిన అమెరికా కవులు దీనికీ గొంతెత్తుతారనుకున్నానని, వాళ్లు కిక్కురుమనలేదని, ఎందుకో మరి అని కల్లెన్ రాశాడు. 1935 పుస్తకంలో ఉంది, మీరు గ్రీకు అనువాదం అని పక్కన పెట్టిన పుస్తకంలోనే. 'కవి' అన్న మాటను అందరికీ ఒకటే కొలతగా నమ్మినవాడే ఆ ప్రశ్న వేయగలడు. కవులైతే పాడాలి కదా, మీరెందుకు పాడలేదు అని.


బడిపంతులు:

1934 నుంచి చనిపోయేదాకా ఆయన హార్లెంలోని ఫ్రెడరిక్ డగ్లస్ జూనియర్ హైస్కూల్లో ఫ్రెంచి, ఇంగ్లీషు చెప్పాడు. కవిగా అయిపోయాడు అని మనం రాసే ఆ పదేళ్లు రోజూ పొద్దున్నే బడికి వెళ్లిన ఏళ్లు. అక్కడి పిల్లల్లో, తర్వాత పెద్ద రచయిత అయిన జేమ్స్ బాల్డ్విన్ ఒకడు, కల్లెన్ నడిపిన సాహిత్య సంఘంలో ఉన్నాడు. పంతుళ్ల గురించి పంతులు మాట్లాడితే పక్షపాతం అంటారు కాబట్టి ఇంతటితో ఆపుతాను. నలభై మంది పిల్లల కాపీలు దిద్దిన సాయంత్రం సానెట్ రాయడం ఎంత కష్టమో మాత్రం నాకు తెలుసు.

చివరి దశలో ఇంకో చిత్రం ఉంది. మిత్రుడు ఆర్నా బాంటెంప్స్ నవల ఆధారంగా ఇద్దరూ కలిసి 'సెయింట్ లూయిస్ ఉమన్' అనే సంగీత నాటకం రాశారు. సారా కొట్టు, జాకీలు, జూదం, నల్లవాళ్ల వీధి జీవితం. దాని మీద నల్లజాతి హక్కుల నాయకుడు వాల్టర్ వైట్ మండిపడ్డాడు, మన జాతిని చవకబారుగా చూపిస్తున్నారని. ఇరవై ఏళ్ల క్రితం వీధిని కవిత్వంలోకి రానివ్వలేదని నింద. ఇప్పుడు వీధిని నాటకంలోకి తెచ్చాడని నింద. 1946 జనవరి 9న ఆయన పోయాడు, 42 ఏళ్లకు. నాటకం మార్చి 30న న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో తెర లేచింది. చూసుకోలేదు.


నిలువుటద్దం:

ఆ నాటకం సంగతి తెలియదు. దాని మీద ఇంకా చదవాలి. ఒకటి మాత్రం వెనక్కి తీసుకోను: 1926 సమీక్షలో ఆయన జాజ్ కవితల గురించి అన్నది తప్పు, ఈ చర్చలో ఇప్పటిదాకా ఎవరూ దాన్ని సమర్థించలేదు. 'పుస్తకాల అర' అన్నది మాత్రం తొందరపాటు.


చింతచెట్టు:

ఇక నా స్వార్థం. వ్యాసంలో 'ఇన్సిడెంట్' అనువాదం పెట్టాలి. తిట్టుమాట దగ్గర చిక్కుకున్నాను. తెలుగు లిపిలో ఆ మాటే రాస్తే మన పాఠకుడికి అది సినిమాల్లో విన్న విదేశీ మాట, గుచ్చుకోదు. మన కులం తిట్టు పెడితే గుచ్చుకుంటుంది, కానీ బాల్టిమోరు మాయమైపోతుంది. 'నల్లోడా' అంటే మన ఇళ్లలో ముద్దుగా కూడా పిలుస్తాం, పూర్తిగా తప్పు. చివరి చరణం ఇలా వచ్చింది:

మే నెల మొదలు డిసెంబరు దాకా
బాల్టిమోరంతా చూశాను
అక్కడ జరిగిన అన్నింటిలోనూ
నాకు గుర్తున్నది ఇదొక్కటే.


పటాప్స్కో ఒడ్డు:

తిట్టును రాయకండి. 'నాలుక చాచి ఆ మాట అన్నాడు' అని వదిలేయండి. ఏ మాటో పాఠకుడు తన ఊరి నుంచి తెచ్చుకుంటాడు.


నిలువుటద్దం:

వద్దు. కల్లెన్ దాచలేదు, మనమెందుకు దాచాలి? ప్రాసలో పెట్టి మరీ వినిపించాడని మీరే చెప్పారు. ఆ మాటే రాసి, పైన రెండు వాక్యాల్లో అదేమిటో చెప్పండి.

ఇంకొకటి, చింతచెట్టు గారూ. 'ఇదొక్కటే' అంటే ఫిర్యాదులా ఉంది, వేలు చూపిస్తున్నట్టు. ఆ పిల్లాడు వేలు చూపించడు. 'ఇంతే' అని పెట్టి చూడండి.


చింతచెట్టు:

'నాకు గుర్తున్నది ఇంతే.' అవును, ఇదే. మార్చాను. తిట్టు సంగతి ఇంకా తేలలేదు. ఈ రాత్రికి రెండు రకాలుగానూ రాసి మా అమ్మాయి చేత చదివించి వింటాను. దానికి తొమ్మిదేళ్లు.


బడిపంతులు:

తిట్టు ఉన్న ప్రతిని ఆ పిల్ల చేత చదివించకండమ్మా. మీరు చదవండి, తనను విననివ్వండి. రెండో చరణం మూడో పాదం దగ్గర తన మొహం చూడండి.